డెబియన్ 12లో ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 9.2 పాతదంటూ ఆడిట్ రిపోర్ట్ వచ్చింది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా సర్వర్లన్నీ డెబియన్ 12 లినక్స్, వాటిలోకి దూరం నుంచి లాగిన్ అయ్యేది ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌తోనే. బయటి ఆడిట్‌వాళ్ళు అందులోని సీవీఈ-2024-6387ని (ఆ నంబర్‌తో నమోదైన భద్రతా లోపం) ఎర్రరంగులో పెట్టి 9.8కి అప్‌గ్రేడ్ చెయ్యమన్నారు. ఆప్ట్ (డెబియన్ ప్యాకేజీ టూల్) అప్‌గ్రేడ్ ఎన్నిసార్లు కొట్టినా 9.2పీ1 దగ్గరే ఉంటోంది. సోర్స్ తెచ్చి కంపైల్ చేసేయనా, సిడ్ (డెబియన్ అస్థిర శాఖ) రెపో కలిపి అక్కడి నుంచి లాగనా? శుక్రవారంలోగా క్లోజ్ చెయ్యాలని మేనేజర్ ఒకటే టెన్షన్.

జవాబు: రెండూ వద్దు, ఆగండి. డెబియన్ స్టేబుల్ (స్థిరమైన శాఖ) ఒకసారి విడుదలయ్యాక మామూలుగా అందులో ప్యాకేజీ వెర్షన్ మార్చరు, ఎందుకంటే కొత్త వెర్షన్‌తో పాటు మారిన డిఫాల్టులూ తీసేసిన ఆప్షన్లూ వచ్చిపడతాయి, రాత్రి ఆటో అప్‌డేట్ జరిగి పొద్దున్నే ఎవరూ లాగిన్ అవ్వలేకపోతే ఎవరిది బాధ్యత? అందుకని సెక్యూరిటీ టీమ్ ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ వరకే తీసుకుని పాత కోడ్‌కి వేస్తుంది. పైకి 9.2 అనే కనిపిస్తుంది. మీరు చూడాల్సింది ఆ నంబర్ వెనకున్న తోక, అంటే డెబియన్ కలిపే భాగం. ఈ సీవీఈకి ప్యాచ్ 1:9.2పీ1-2+డెబ్12యూ3లో వచ్చింది, 2024 జులైలో. డీపీకేజీ -ఎల్ (ప్యాకేజీల జాబితా చూపే కమాండ్) కొట్టి మీదెంతో చెప్పండి.

ప్రశ్న: యూ5 ఉంది! మరి స్కానర్‌కి కనపడలేదా?

జవాబు: లోపలికి లాగిన్ కాకుండా 22వ పోర్ట్ బ్యానర్ (సర్వర్ తన వెర్షన్ చెప్పే లైన్) చదివి, నంబర్ 9.8 కంటే తక్కువ అని రాసేసి ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఎవరైనా ‘డెబియన్‌బ్యానర్ నో’ పెట్టారేమో కూడా చూడండి, పెడితే ఆ తోక బ్యానర్‌లో అసలు రాదు. లాగిన్ ఇచ్చి మళ్ళీ స్కాన్ చెయ్యమనండి.

ఇంకో జవాబు: సిడ్ మాట మర్చిపో బ్రో. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది కదా, గురిపెట్టింది ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కే. బ్యాక్‌డోర్ ఉన్న ఆ ఎక్స్‌జెడ్ 5.6 సిడ్‌లోకీ టెస్టింగ్‌లోకీ వచ్చేసింది, స్టేబుల్‌లో 5.4 ఉండబట్టి అంటలేదు. సొంతంగా కంపైల్ చేస్తే ఇంకా పెద్ద తలనొప్పి, వచ్చే ప్రతి సీవీఈకీ నువ్వే కాపలా కాయాలి, ఆప్ట్‌కి దాని సంగతే తెలియదు. కొత్త ఫీచర్ నిజంగా కావాలంటే బ్యాక్‌పోర్ట్స్ (స్టేబుల్‌కి కొత్త వెర్షన్లు ఇచ్చే రెపో) ఉంది గానీ, దానికి సెక్యూరిటీ టీమ్ పూచీ లేదు.

ప్రశ్న: సరే, ఆడిటర్‌కి ఏమని రాయాలి?

జవాబు: ‘ఫాల్స్ పాజిటివ్’ (తప్పుడు హెచ్చరిక) అని ఒక్క ముక్క రాస్తే తిప్పికొడతారు. డీపీకేజీ అవుట్‌పుట్, డీఎస్ఏ-5724 (డెబియన్ భద్రతా ప్రకటన) నంబర్, డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్‌లో ఆ సీవీఈ పేజీ లింక్, ఈ మూడూ జతచేయండి. రెడ్ హ్యాట్ 9 మెషీన్లు ఉన్నా ఇదే తంతు, అక్కడ 8.7పీ1 అనే ఉంటుంది, దాని వెనకుండే విడుదల నంబర్ చూసుకోవాలి. డెబియన్ 11కి మాత్రం ఈ సీవీఈ వర్తించదు, అందులో ఉన్నది 8.4, ఒకప్పుడు సరిచేసిన ఈ లోపం మళ్ళీ వచ్చింది 8.5పీ1తో. వాటిని కూడా ఎర్రగా చూపించి ఉంటే ఏ ఆధారంతో చూపించారో వాళ్ళనే అడగండి.