అప్‌డేట్: విజయనగరంలో మా వీధి అపార్ట్‌మెంట్ సంగతి

కోట వైపు మా వీధిలో పెంకుటిల్లు కొట్టేసి అపార్ట్‌మెంట్ కడతామంటున్నారు, కార్పొరేషన్ కౌన్సిల్ ఆపగలదా అని అడిగాను కదా. మా బావ తోడొస్తే టౌన్ ప్లానింగ్ వాళ్లనే అడిగేశాం. ఏ ప్రాంతం నివాసాలకి, ఏది వ్యాపారానికి అన్నది మాస్టర్ ప్లాన్‌లో ఉంటుంది, అది మార్చాలంటే చివరి మాట రాష్ట్ర ప్రభుత్వానిదే. ఒక్కో బిల్డింగ్‌కి కార్పొరేటర్లు చేతులెత్తి ఓటేయడం ఉండదు. ఎత్తు సంగతి 2017 బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. అందులో పెట్టిన హద్దుకి చేరితే హైరైజ్ (బాగా ఎత్తైన భవనం) కింద లెక్క, దానికి వెడల్పైన రోడ్డు కావాలి, ఇక్కడేమో ఆటో ఎదురొస్తే బండి వెనక్కి తీయాలి! అంతకంటే తక్కువైతే మాత్రం రూల్ ప్రకారం సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ ఖాళీ జాగా) వదిలి కట్టుకుంటే మనం ఆపలేం. అమ్మ టెన్షనంతా మా నుయ్యి ఎండిపోతుందని. ఇంకుడు గుంత తప్పనిసరట, తవ్వితే కదా! ఆ బిల్డింగ్ ప్లాన్ కాపీకి ఆర్టీఐ పెట్టాం, రాగానే టేపు పట్టుకెళ్లి సెట్‌బ్యాక్ కొలుస్తాం.