మిద్దె తోటల సేవనూ దాని వెబ్‌సైటునూ అందరికీ అందేలా చేయడం ఎలా?

ప్రశ్న
అడిగినవారు: మిద్దె తోటల నిర్వాహకురాలు, రాజమహేంద్రవరం

ఇళ్ల మీద మిద్దె తోటలు, అపార్ట్‌మెంట్లలో బాల్కనీ తోటలు ఏర్పాటు చేసి, ఆపైన పదిహేను రోజులకొకసారి వెళ్లి వాటి బాగోగులు చూసే చిన్న సేవను మేము నడుపుతున్నాం. మొక్కలను కడియం, కడియపులంక నర్సరీల నుంచి తెస్తాం. మట్టి మిశ్రమం కలపడం, కొమ్మలు కత్తిరించడం, పురుగు కనిపిస్తే వేపనూనె కొట్టడం, వేసవిలో షేడ్ నెట్ కట్టడం మా మనుషులే చేస్తారు. మా ఖాతాదారుల్లో ఎక్కువమంది అరవై దాటినవారు. చాలాసార్లు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు వెబ్‌సైటులో నమోదు చేస్తే, ఇక్కడున్న తల్లిదండ్రులు ఆ తోటతో కాలక్షేపం చేస్తుంటారు.

ఈ మధ్య చూపు బాగా తగ్గిన ఒకాయన ఫోన్ చేసి, మా వెబ్‌సైటులో ధరల పట్టిక తన ఫోన్ చదవడం లేదనీ, తేదీ ఎంచుకునే చోట ముందుకు సాగలేకపోయాననీ చెప్పారు. వెబ్‌సైటు తయారుచేసిన కుర్రవాణ్ణి అడిగితే, పేజీ మూలన ఒక చిన్న బొమ్మ వచ్చే పరికరాన్ని ఏడాది చందాకు తగిలిస్తే సమస్యలన్నీ తీరిపోతాయని అన్నాడు. ఆ ఖర్చు పెట్టవచ్చా? వెబ్‌సైటు ఒక్కటే బాగుచేస్తే సరిపోతుందా, లేక చక్రాల కుర్చీ వాడేవారికీ మోకాళ్ల నొప్పులున్నవారికీ మేము తోటలు వేసే పద్ధతే మార్చుకోవాలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1
రాసినవారు: స్క్రీన్ రీడర్ వాడుకరి, హైదరాబాద్

ఆ చందా కట్టకండి. అక్షరాలు పెద్దవి చేయడం, రంగులు మార్చడం వంటి సదుపాయాలు మా ఫోన్లలోనే ఉన్నాయి. మాకు కావలసినది పేజీ వెనక సరిగ్గా రాసిన కోడ్. అలాంటి పరికరం తగిలిస్తే ఏ వెబ్‌సైటైనా దివ్యాంగులకు అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలకు సరిపోతుందని ప్రచారం చేసుకున్న ఒక సంస్థ 10 లక్షల డాలర్లు చెల్లించాలని 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. ఆ డబ్బుతో మీ కుర్రవాడి చేతనే నాలుగు రోజులు పని చేయించుకోండి.

మీ ధరల పట్టికను ఫోన్ ఎందుకు చదవలేదో ఊహించగలను. మన ఊళ్లలో కరపత్రాన్ని డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించి, దాన్నే బొమ్మగా మార్చి వెబ్‌సైటులో పెట్టడం మామూలే. తెరమీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు బొమ్మలోని అక్షరాలు అక్షరాలు కావు. అను ఫాంట్లలోని పాఠాన్ని నేరుగా అతికించినా ప్రయోజనం లేదు, ఎందుకంటే తెరమీద తెలుగులా కనిపించేది లోపల లాటిన్ గుర్తుల గందరగోళంగా ఉండి, చదివేటప్పుడు అర్థం లేని శబ్దాలుగా వినిపిస్తుంది. ధరలు, సేవల వివరాలు, మొక్కల పేర్లు అన్నీ యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లు అక్షరాలుగానే గుర్తించే తెలుగులో టైపు చేయించి, పట్టికను నిజమైన పట్టికగానే పెట్టించండి. వాట్సాప్‌లో పంపే పోస్టర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది: కింద అదే సమాచారాన్ని టైపు చేసి పంపితే చాలు.

తర్వాత, పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించాలి. అది లేకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఇంగ్లీషు గొంతుతోనే చదవబోయి, తెలుగు వాక్యాలను మౌనంగా దాటేస్తాయి. వినేవారికి అక్కడ పాఠం ఉన్నట్టే తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్లలోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌కు తెలుగు గొంతు దొరుకుతుంది. కంప్యూటర్‌లో వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితం, అది కూడా తెలుగు చదువుతుంది. కాబట్టి లోపం పరికరాలది కాదు.

తేదీ దగ్గర ఆగిపోవడానికి కారణం, వేలితో తాకితే తప్ప కదలని క్యాలెండర్ బొమ్మ అయి ఉంటుంది. దాని పక్కనే తేదీని టైపు చేసే గడి ఒకటి ఉంచండి. ప్రతి గడికీ పేరు దాని లోపల లేత అక్షరాలతో కాకుండా, బయట శాశ్వతంగా ఉండాలి. టైపు చేయడం మొదలుపెట్టగానే మాయమయ్యే పేరు మతిమరుపు ఉన్న పెద్దవారినీ ఇబ్బంది పెడుతుంది. వంకర అక్షరాలను గుర్తుపట్టి రాయమనే క్యాప్చా ఉంటే తీసేయండి. ఓటీపీకి ముప్పై సెకన్ల గడువు పెట్టే అలవాటు కూడా మంచిది కాదు, ఎందుకంటే సందేశం విని, అంకెలు గుర్తుపెట్టుకుని, వెనక్కి వచ్చి నింపేసరికి సమయం దాటిపోతుంది.

చూపు మందగించినవారి కోసం రంగుల సంగతి చెప్పాలి. తోటల వెబ్‌సైటు కనుక తెల్లని నేపథ్యం మీద లేత ఆకుపచ్చ అక్షరాలు పెట్టాలని అందరికీ అనిపిస్తుంది, కానీ అవి కనబడవు. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండడానికి 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 అనే అంతర్జాతీయ ప్రమాణం మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య 4.5:1, పెద్ద అక్షరాలకైతే 3:1 నిష్పత్తిలో తేడా ఉండాలని చెబుతుంది. ముదురాకుపచ్చ అందులో సులువుగా ఇమిడిపోతుంది. ఇంగ్లీషు పేజీల కోసం రాసిన నియమాల్లో కనిపించని చిక్కు మనకు ఇంకొకటి ఉంది. వరుస ఎత్తును పిక్సెళ్లలో బిగించేస్తే, అక్షరాలను రెట్టింపు చేసినప్పుడు కింది ఒత్తులు తెగిపోతాయి. ప, ఫ, ష వంటివి చిన్న గీతతోనే వేరుపడే మన లిపిలో ఆ కోత చిన్నది కాదు.

మొక్కల ఫొటోలకు వివరణ రాసేటప్పుడు ‘మొక్క బొమ్మ’ అని వదిలేయకండి. ‘అడుగు ఎత్తు మరువం, ఎనిమిది అంగుళాల కుండీ, ఉదయపు ఎండ చాలు’ అని రాస్తే కొనేవాడికి పనికొస్తుంది. వివరణే లేకపోతే కొన్నిసార్లు నాకు ఫొటో ఫైలు పేరు, ఐఎంజీ అని మొదలై అంకెలతో సహా, వినిపిస్తుంది.

సమాధానం 2
రాసినవారు: చక్రాల కుర్చీలో తోటపని చేసే వ్యక్తి, విజయవాడ

వెబ్‌సైటు గురించి పైన చెప్పినదానికి నేను కలపవలసింది లేదు. తోట గురించి మీరు వేసిన రెండో ప్రశ్నకు జవాబు అవును, పద్ధతి మార్చుకోవాలి. అయితే అందరి ఇళ్లలోనూ కాదు.

ముందుగా మిద్దె ఎక్కగలరా అన్నది చూడండి. మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల లిఫ్టు చివరి అంతస్తు దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి మిద్దె మీదికి మెట్లే గతి. అమెరికాలో ఉన్న అబ్బాయి మిద్దె తోట కావాలని డబ్బు కడతాడు, ఇక్కడ వాళ్లమ్మగారు ఆ తోటను నెలకొకసారి కూడా చూడలేరు. కనుక నమోదు చేసినది ఎవరైనా, తోటలో తిరిగేవారితో మీరు స్వయంగా మాట్లాడిన తర్వాతే అంచనా ఇవ్వండి. బాల్కనీలో పది కుండీలు పెట్టినా ఆమె చేతికి అందితే అదే మేలు.

చక్రాల కుర్చీ తిరగాలంటే కుండీల వరుసల మధ్య కనీసం 90 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, మలుపు దగ్గర అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. బాల్కనీ తలుపు దగ్గరి గడప తరచుగా అసలు అడ్డంకి. అంగుళం గడపకు అడుగు పొడవు వాలు పలక, అంటే 1:12 వాలు, వేస్తే ఎవరి సాయం లేకుండా దాటవచ్చు. కుర్చీలో కూర్చుని పనిచేసే మడికి కింద మోకాళ్లు దూరేలా దాదాపు 70 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఒకవైపు నుంచే అందే మడి వెడల్పు 60 సెంటీమీటర్లు దాటకూడదు, ఎందుకంటే కూర్చున్నవారి చేయి అంతకంటే లోపలికి పోదు. ఇనుప స్టాండు మీద లోతు తక్కువ ట్రే అమర్చితే ఈ కొలతలు కుదురుతాయి. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా వంటి వాటికి ఆ లోతు చాలు. టమాటా, వంగ మొక్కలను మాత్రం నేల మీద గ్రో బ్యాగుల్లో, అంచుల్లో ఉంచండి.

నీళ్ల విషయంలో మనవాళ్లు మొండిగా ఉంటారు. బకెట్లు మోస్తేనే తోటపని చేసినట్టు భావించే పెద్దలను చాలామందిని చూశాను. పది లీటర్ల నీళ్లంటే పది కిలోల బరువు. కీళ్ల నొప్పులున్నవారికి అది వద్దు. డ్రిప్‌కు చిన్న టైమర్ పెట్టి, కుళాయికి గుండ్రటి పిడికి బదులు చేత్తో నెట్టే పొడుగు పిడి బిగించండి. గట్టి స్ప్రింగుతో ఉండే కత్తెరలకు బదులు తేలికవి ఇవ్వండి.

చూపు లేనివారి ఇంట్లో అయితే మొక్కల ఎంపికే తోట. మరువం, దవనం, తులసి, కరివేపాకు, పుదీనా ముట్టుకోగానే ఎవరో చెప్పేస్తాయి. ముళ్ల కాగితపు పూలను, బ్రహ్మజెముడును నడిచే దారికి దూరంగా ఉంచండి. పాలు కళ్లలో పడితే ప్రమాదమైన యుఫోర్బియా జాతులనూ, విషమున్న గన్నేరునూ అక్కడ పెట్టనే వద్దు. ఒక ముఖ్యమైన కోరిక: మీ మనిషి పనిచేసి వెళ్లేటప్పుడు కుండీని ఉన్న చోటు నుంచి జరిపితే, జరిపినట్టు చెప్పి వెళ్లాలి. చెప్పకుండా జరిపిన ఒక్క కుండీ తోట మొత్తాన్ని తెలియని చోటుగా మార్చేస్తుంది.

సమాధానం 3
రాసినవారు: వినికిడి లోపం ఉన్న గృహిణి, కాకినాడ

మీ సేవలో అన్నీ ‘కాల్ చేయండి’ అనే బటన్‌తోనే మొదలవుతుంటే నాలాంటివారు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. దాని పక్కనే వాట్సాప్ సందేశం బటన్ పెట్టి, ‘వాయిస్ వద్దు, రాసి పంపండి’ అని ఎంచుకునే వీలు ఇవ్వండి. మీ మనుషులు వచ్చినప్పుడు తలుపు కొట్టి ఊరుకోకుండా బయలుదేరేటప్పుడే సందేశం పంపాలి. మొక్కల పెంపకంపై వీడియోలు పెడితే కింద తెలుగు అక్షరాలు వేయించండి, కానీ యంత్రం వేసిన వాటిని ఒకసారి చదివి సరిచూసిన తర్వాతే.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. అడ్డుతగిలేది ఖర్చే. వాలు పలక, స్టాండ్ల ఖర్చును ఆ ఖాతాదారుల మీదే వేస్తే వారికి భారం, నాకేమో చిన్న వ్యాపారం. చట్టం ఏమైనా చెబుతోందా?

సమాధానం 4
రాసినవారు: న్యాయవాది, విశాఖపట్నం

చెబుతోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 46వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు సేవలను అందించేవారిద్దరికీ వర్తిస్తుంది. సేవలు దివ్యాంగులకు అందుబాటులో ఉండేలా 40వ సెక్షన్ కింద కేంద్రం చేసే నియమాలను వారు పాటించాలి. వెబ్‌సైట్లకు సంబంధించి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణాన్ని 2023లో ఆ నియమాల్లో చేర్చారు. ఆ నియమాల్లోని 15(1) సూచనల స్థాయిలోనే ఉందని, అది చట్టానికి విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పి, తప్పనిసరి నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో చెప్పింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ ప్రకారం మొదటిసారి పదివేల రూపాయల దాకా, ఆ తర్వాత యాభైవేల నుంచి అయిదు లక్షల దాకా జరిమానా ఉంది. చిన్న వ్యాపారం మీదికి ఎవరో వచ్చి పడతారని భయపడమని నేను అనడం లేదు. కొత్తగా చేయించే పని ఏదైనా ప్రమాణం ప్రకారం చేయించడం, పాతదాన్ని ఒక క్రమంలో సరిచేసుకోవడం మీ వంటివారికి వివేకం.

ఖర్చు గురించి నా అభిప్రాయం వేరు. గడప పలకను ఆ ఇంటివారి ఆస్తిగా కాకుండా మీ పనిముట్టుగా కొనండి. బరువైన మట్టి సంచులను ట్రాలీ మీద లోపలికి తెచ్చుకోవడానికి మీ మనుషులకూ అది పనికొస్తుంది కనుక ఖర్చు అన్ని ఇళ్ల మీదా పంచబడుతుంది. స్టాండ్లను మాత్రం అద్దెకు ఇవ్వవచ్చు. డబ్బు తీసుకునే చోట క్యూఆర్ కోడ్ ఒక్కటే అతికించి ఉంచకుండా, దాని కింద యూపీఐ ఐడీని యూనికోడ్ అక్షరాల్లో టైపు చేయించండి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవారికి 2022లో వచ్చిన యూపీఐ 123పే మామూలు ఫోన్‌లోనే పనిచేస్తుంది, నగదు తీసుకోవడమూ మానవద్దు. నమోదు పత్రంలో ‘మీకు వైకల్యం ఉందా?’ అని అడగకండి. ‘మేము వచ్చేటప్పుడు ఏమైనా తెలుసుకోవాలా?’ అనే ఒక ఖాళీ గడి ఉంటే, కుక్క ఉన్నవారూ లిఫ్టు లేనివారూ చూపు లేనివారూ తమకు కావలసింది తామే రాస్తారు.