సముద్రం పక్క గేట్లకి పౌడర్ కోటింగ్: సెవెన్ ట్యాంక్ తప్పదా, త్రీ ఇన్ వన్ చాలా?

పౌడర్‌గన్: విశాఖ, కాకినాడ వైపు ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) గేట్లకి కొన్ని షాపులు త్రీ ఇన్ వన్ కెమికల్ (జిడ్డు, తుప్పు తీసి పెయింటు కింద ఫాస్ఫేట్ పొర కూడా వేసేది) గుడ్డతో తుడిచి పౌడర్ కొట్టేస్తాయి. సెవెన్ ట్యాంక్‌లో (జిడ్డు తీయడం, తుప్పు తీయడం, కడగడం, ఫాస్ఫేట్ వేయడం వేర్వేరు ట్యాంకుల్లో) ముంచితే రేటు ఎక్కువ. ఆ డబ్బు దండగేనా?

ట్యాంకు5: దండగ కాదండీ. త్రీ ఇన్ వన్‌తో వచ్చేది పల్చటి ఐరన్ ఫాస్ఫేట్, చదరపు మీటరుకి గ్రాము లోపే. సెవెన్ ట్యాంక్‌లో వేసే జింక్ ఫాస్ఫేట్ అయితే 1.5 నుంచి 4 గ్రాములు, బూడిద రంగులో సన్నటి స్ఫటికాలు. ఫాస్ఫేట్ ఒక్కటే తుప్పు ఆపదు, దాని నిండా సూక్ష్మరంధ్రాలే. గీత పడ్డచోట తుప్పు పెయింటు కిందకి పాకకుండా పట్టి ఉంచడమే దాని పని. ఉప్పుగాలికి జింకే.

తుప్పుదులుపు: ట్యాంకులు ఏడుంటే సరా? ఫాస్ఫేట్ ట్యాంకులోని ద్రావణం (బాత్) 10 మి.లీ. తీసి 0.1 నార్మల్ కాస్టిక్ సోడాతో టైట్రేషన్ చేసి ఫ్రీ యాసిడ్ (విడిగా ఉన్న యాసిడ్), టోటల్ యాసిడ్ (మొత్తం యాసిడ్) పాయింట్లు రోజూ చూసేవాళ్లెందరు? ఫ్రీ యాసిడ్ పెరిగితే పొర సరిగ్గా పట్టదు, ఆరేలోపే ఎర్రబడుతుంది. తగ్గితే కెమికలంతా స్లడ్జ్‌గా (మడ్డిగా) అడుక్కి దిగుతుంది. టోనర్ (పొర త్వరగా పట్టడానికి కలిపే నైట్రైట్) చాలకపోతే మచ్చలుమచ్చలుగా వస్తుంది, ఎక్కువైతే మళ్లీ స్లడ్జే. తుప్పు తీసే హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) తర్వాత కడిగే నీళ్లు మార్చకపోతే క్లోరైడు పౌడర్ కిందే మిగిలి కొన్నాళ్లకి పొక్కులు లేపుతుంది. అలాంటి ఏడు ట్యాంకులకన్నా శుభ్రంగా కడిగిన త్రీ ఇన్ వన్ నయం.

ట్యాంకు5: అది నడిపేవాడి తప్పు, పద్ధతిది కాదు. మీరన్న ఆ 'కడిగిన' దగ్గరే ఉంది చిక్కంతా. తుడుపు పనిలో కడిగేదెవరు? వెల్డింగ్ మూలల్లోకి గుడ్డ దూరదు. మిగిలిన భాస్వరామ్లం (కెమికల్‌లోని ఫాస్ఫారిక్ యాసిడ్) జిగటగా ఉండిపోతుంది, ఓవెన్‌లో 180-200 డిగ్రీలకి వెళ్లగానే పౌడర్‌ని బుడగలు తేలుస్తుంది. వేలితో తాకితే అంటుకుందా, ఆ ముక్క మీద పౌడర్ కొట్టకూడదు.

నానోపొర: ఫాస్ఫేట్ బదులు జిర్కోనియం పొర వాడొచ్చుగా? వేడి అక్కర్లేదు, స్లడ్జూ తక్కువే.

తుప్పుదులుపు: కోల్డ్ రోల్డ్ షీటుకి సరే. గేటు పైపుకుండే నల్ల స్కేలు (పెచ్చు), తుప్పు అది తియ్యదు, ముందు పికిలింగో (యాసిడ్‌లో ముంచడం) బ్లాస్టింగో (గరుకు రేణువులు జోరుగా కొట్టడం) తప్పదు. పైగా కడగడానికి డీఎం నీళ్లు (లవణాలు తీసేసినవి) కావాలి. మామూలు బోరు నీళ్లతో కడిగితే పెట్టిన ఖర్చు నీళ్లపాలే.

పౌడర్‌గన్: సరే, షాపువాణ్ని ఏం అడగమంటారు?

తుప్పుదులుపు: ముందు టైట్రేషన్ రిజిస్టరు చూపించమనండి.

ట్యాంకు5: ఇందులో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. వెల్డు మీది స్లాగ్ (వెల్డింగ్ పెచ్చు) గ్రైండ్ చేయించండి, దాని మీద ఫాస్ఫేట్ పట్టదు. ట్యాంకులో ముంచేట్టయితే పైపుల పైన, కింద చిన్న రంధ్రాలు వెయ్యాలి. లేకపోతే లోపల చిక్కిన యాసిడ్ ఓవెన్‌లో కారి చారలు పడతాయి. ఫాస్ఫేట్ చేసి ఆరబెట్టిన ముక్కని మర్నాటిదాకా ఉంచకుండా అదే రోజు పౌడర్ వేయించండి. సముద్రం కనిపించేంత దగ్గరైతే కింద జింక్ ఎపాక్సీ ప్రైమర్, పైన పాలియెస్టర్. ఉత్త ఎపాక్సీ పైపూతగా వేస్తే ఎండకి సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది.