2 మి.మీ. గొట్టంలో మరుగుడు: వేడి పెంచితే అల్ట్రాసౌండ్ ప్రభావం ఎందుకు పోతోంది?

ప్రశ్న:
304 స్టీలు గొట్టం, లోపలి వ్యాసం 2 మి.మీ., పొడవు 200 మి.మీ. గొట్టానికే డీసీ కరెంటు ఇచ్చి వేడి చేస్తున్నాం. నీరు నిమిషానికి 20 మి.లీ., 60 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్తుంది. గొట్టానికి ముందు నీరు వచ్చే చాంబర్‌కి 40 కిలోహెర్ట్జ్, 50 వాట్ల ట్రాన్స్‌డ్యూసర్ (అల్ట్రాసౌండ్, అంటే చెవికి వినపడనంత పై స్థాయి ధ్వని, పుట్టించే పరికరం) అతికించాం. 40 వాట్ల వేడి దగ్గర అది ఆన్ చేస్తే, చివరి గాజు ముక్కలో బుడగలు వస్తాయి, ఆపితే పోతాయి. 90 వాట్ల దగ్గర ఆన్ చేసినా ఆపినా ఒకటే, పైగా ప్రెజర్ ఊగుతోంది. పెద్ద ట్రాన్స్‌డ్యూసర్ కొనాలా?

జవాబు 1:
కొనకండి, ముందు లెక్క చూడండి. 40 వాట్లకు నీరు 89 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది, చివర గోడ సుమారు 111. గోడ మీద 3 మైక్రాన్ల వ్యాసార్థమున్న గుంట నుంచి బుడగ లేవడానికి గోడ 100 కన్నా 10, 11 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. అంటే మీరు సరిగ్గా అంచున ఉన్నారు. ధ్వనిలో ప్రెజర్ పడిపోయే సగం ఆ కాస్త తోపు ఇస్తోంది.

90 వాట్ల కథ వేరు. 100 డిగ్రీలు చేరడానికి 56 వాట్లే చాలు, కాబట్టి 125 మి.మీ. దాటాక అంతా మరుగుడే. చివర ఆవిరి బరువులో 4, 5 శాతమే, కానీ నీరు, ఆవిరి ఒకే వేగంతో పోతాయనుకుంటే పరిమాణంలో 98 శాతం. నీరు, బుడగలు కలిసిన చోట ధ్వని వేగం సెకనుకు కొన్ని పదుల మీటర్లకు పడిపోతుంది. వచ్చిన ధ్వని అక్కడే వెనక్కి తిరుగుతుంది, మిగిలింది ఇంకిపోతుంది. పైగా 40 కిలోహెర్ట్జ్‌కి గట్టిగా స్పందించేది 0.08 మి.మీ. వ్యాసార్థం దగ్గరి బుడగే. గొట్టం నిండా ఉన్న బుడగకు పట్టదు.

జవాబు 2:
ఆ 40 వాట్ల బుడగలు ఆవిరేనా? 89 డిగ్రీల నీటిలో ఆవిరి బుడగ వెంటనే కుంచించుకుపోవాలి. గాజు ముక్క దాటినా అలాగే ఉంటే అది కరిగున్న గాలి. నీటిని 20, 30 నిమిషాలు మరిగించి, మూసి చల్లార్చి, మళ్లీ పెట్టి చూడండి.

ట్రాన్స్‌డ్యూసర్ ఇచ్చే వేడినీ లెక్కలోంచి తీసేయాలి. హీటర్ ఆపి ట్రాన్స్‌డ్యూసర్ ఒక్కటే నడపండి. నీరు 2 డిగ్రీలు పెరిగితే లోపలికి చేరింది 2.8 వాట్లు. పోల్చేటప్పుడు అల్ట్రాసౌండ్ లేకుండా చేసే ప్రయోగంలో హీటర్‌కి అంత కలపండి.

ప్రశ్న వేసినవారు:
ప్రెజర్ ఊగడం సంగతి? నీటి ప్రవాహాన్ని సరిచేసే సూది వాల్వ్ చాంబర్‌కి ముందుంది, మధ్యలో సిలికాన్ పైపు.

జవాబు 2:
దోషం ఆ సాగే పైపుదే, చాంబర్ పైమూలలో గాలి ఇరుక్కుంటే దానిదీ. బుడగ ఉబ్బగానే నీరు వెనక్కి జరగడానికి చోటు దొరుకుతోంది. స్టీలు పైపు పెట్టండి, చాంబర్ మీద గాలి వదిలే స్క్రూ పెట్టండి. వాల్వ్‌ని చాంబర్‌కీ గొట్టానికీ మధ్యకు మాత్రం మార్చకండి, ఊగడం తగ్గినా ధ్వని అక్కడే ఆగిపోతుంది. 90 వాట్ల దగ్గరే కావాలంటే ట్రాన్స్‌డ్యూసర్‌ని 100 మి.మీ. దగ్గర గొట్టానికి పక్క నుంచి బిగించండి, మధ్యలో కరెంటు పాకని సిరామిక్ ముక్కతో. గొట్టంలో పదుల ఆంపియర్ల కరెంటు పోతోందని మర్చిపోవద్దు.