మండలాల పేర్లు పట్టడం లేదు: పేర్లు తిప్పాలా, కడ్డీలు పడుకోబెట్టాలా?

పెన్నాతీరం (అనంతపురం):
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా జిల్లాలోని 31 మండలాల వర్షపాతానికి ఎక్సెల్‌లో చార్ట్ వేశాను. కింద ఒక పేరు వస్తే పక్క పేరు రావడం లేదు. మా గైడ్ గారేమో పేర్లు నిలువుగా తిప్పి అక్షరాలు 6 సైజుకు తగ్గించమంటున్నారు. అంతేనా, వేరే దారుందా?

హంద్రీ (కర్నూలు):
తిప్పేయండి, ఇందులో ఇంత ఆలోచన ఎందుకు? వాన ఎక్కువ పడితే కడ్డీ ఎత్తు పెరగాలి, చూసేవాళ్లకు అదే అలవాటు. మరీ ఇరుకైతే పేర్లు పొట్టిగా రాయండి.

బుగ్గవంక (కడప):
నేను ఒప్పుకోనన్నా. పెద్దవడుగూరు, పెద్దపప్పూరు రెండూ ఆ జిల్లావే, రెండింటినీ 'పెద్ద' దగ్గర ఆపేస్తే ఏ కడ్డీ ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? పైగా తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, పేరును నిలువుగా తిప్పితే అవి రెండూ పక్కలకు వచ్చి పక్క పేరును తాకుతాయి. 6 సైజులో 'గుమ్మఘట్ట' అని ప్రింటు తీసి జిరాక్స్ చేయించండి, ఒత్తులు ముద్దయిపోతాయి. మెడ వంచి చదవాల్సిన పనిని చదివేవాళ్ల మీద ఎందుకు పెట్టాలి?

నిలువు కడ్డీల కాలమ్ చార్ట్ తీసేసి, కడ్డీలు అడ్డంగా పడుకునే బార్ చార్ట్ పెట్టండి తమ్ముడూ. పేర్లు ఎడమవైపు వరుసకొకటి మామూలుగా చదివేటట్టు వస్తాయి, చార్ట్‌ను పేజీ నిండా పొడుగ్గా లాగితే 31 పేర్లూ హాయిగా పడతాయి. ఎక్సెల్ మొదటి పేరును అడుగున పెడుతుంది, యాక్సిస్ సెట్టింగుల్లో రివర్స్ ఆర్డర్ టిక్ చేస్తే పైకి వస్తుంది. అప్పటికీ పేర్లు ఎగిరిపోతుంటే అక్కడే లేబుళ్ల మధ్య ఇంటర్వల్ 1 అని ఇవ్వండి. ఎక్సెల్ బదులు ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో చార్టులు గీసే జీజీప్లాట్ వాడేవాళ్లకు, కడ్డీలను పడుకోబెట్టే కోఆర్డ్ ఫ్లిప్ అనే ఆదేశం చాలు. ఇట్లా పేర్లు ఎక్కువున్నచోట కడ్డీ కూడా వద్దు, చుక్క పెడితే చాలని అమెరికా గణాంక శాస్త్రవేత్త క్లీవ్‌లాండ్ 1984లోనే చుక్కల చార్ట్ చూపించాడు.

హంద్రీ:
సరే, మరి 1990 నుంచి ఏటేటా వర్షపాతం వేయాలంటే? సంవత్సరాలను కూడా పైనుంచి కిందికి పేరుస్తారా?

బుగ్గవంక:
లేదన్నా, అక్కడ మీ మాటే కరెక్టు. కాలం ఎడమ నుంచి కుడికే నడవాలి. కానీ అక్కడ అన్నీ రాయాల్సిన పనే లేదు, 1990, 1995, 2000 అని ఐదేళ్లకొకటి రాస్తే మధ్యవి ఎవరికైనా తెలిసిపోతాయి. బెళుగుప్ప తర్వాత కూడేరు వస్తుందని అట్లా ఊహించుకోలేం కదా, అందుకే మండలాల్లో ఒక్క పేరు కూడా వదలకూడదు.

హంద్రీ:
నైరుతి వానలు, ఈశాన్య వానలు రెండూ ఒకే పేజీలో చూపించాలంటే పొడుగాటి చార్టులు రెండు పట్టవు. నిలువు కడ్డీలైతే ఒకదాని కింద ఒకటి పెట్టొచ్చు.

బుగ్గవంక:
అప్పుడు పేర్లు రెండుసార్లు రాయాలి. పడుకోబెడితే ఎడమన ఒక్కసారి రాసి, పక్కన రెండు గడులు పెట్టొచ్చు. స్కేలు మాత్రం రెండింటికీ ఒకటే ఉండాలి.

పెన్నాతీరం:
ఇప్పుడే మార్చి చూశాను, అన్ని పేర్లూ వచ్చాయి. వరుస అక్షర క్రమంలోనా, వర్షపాతం ప్రకారమా అన్నా?

బుగ్గవంక:
వర్షపాతం ప్రకారమే. సొంత మండలం వెతుక్కునేవాళ్ల కోసం వెనక అనుబంధంలో అక్షర క్రమంలో పట్టిక ఇవ్వు.