2024-25 ఐ-లీగ్ టైటిల్ ఎవరిది? పట్టికలో పైనున్న చర్చిల్‌దా, సీఏఎస్ తీర్పు గెలిచిన ఇంటర్ కాశీదా?

దక్కన్_స్టాండ్:

2025 జులై 18న సీఏఎస్ తీర్పు వచ్చింది మొదలు ప్రతి చర్చా ఇటే మళ్ళుతోంది కాబట్టి విడిగా పెడుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తా: టైటిల్ ఇంటర్ కాశీదే, అది న్యాయంగా వచ్చిందే.

ఐ-లీగ్ అంటే దేశంలో పై లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) తర్వాతి ఫుట్‌బాల్ లీగ్. అది చూడనివాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా. జనవరి 13న నామ్‌ధారి 2-0తో కాశీని ఓడించింది. ఆ రోజు నామ్‌ధారి దింపిన బ్రెజిల్ ఆటగాడు క్లెడ్సన్‌కి అప్పటికే నాలుగు ఎల్లో కార్డులున్నాయి. నాలుగైతే ఒక మ్యాచ్ సస్పెన్షన్. కాశీ ఫిర్యాదు చేసింది, క్రమశిక్షణ కమిటీ మూడు పాయింట్లు కాశీకిచ్చింది, నామ్‌ధారి అప్పీలుకు వెళ్ళింది, మార్చి చివర్లో ఆ మూడు పాయింట్ల మీద స్టే వచ్చింది. కేసు అలా వేలాడుతుండగానే ఏప్రిల్ 6న లీగ్ ముగిసింది. చర్చిల్ బ్రదర్స్ 40, కాశీ 39. ఏప్రిల్ 18న అప్పీల్ కమిటీ నామ్‌ధారి పక్షాన తీర్పు చెప్పడంతో అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ చర్చిల్‌ని విజేతగా ప్రకటించింది. కాశీ స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం సీఏఎస్‌కి వెళ్ళి గెలిచింది. ఇప్పుడు కాశీ 42, చర్చిల్ 40.

మనకెందుకు అంటారా? మన హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి దక్కన్ 2022-23లో, 2023-24లో వరసగా రెండో స్థానంలో ఆగిపోయింది. ఒకసారి పంజాబ్, ఇంకోసారి మొహమ్మదన్ పైకి వెళ్ళిపోయాయి. ఐఎస్‌ఎల్‌కి పోయేది మొదటి జట్టు ఒక్కటే. రెండో స్థానానికి దక్కేది ఏమీ లేదని అజీజ్‌నగర్‌లో మ్యాచ్‌లు చూసినవాళ్ళకి బాగా తెలుసు. అందుకే ఈ లీగ్‌లో ప్రతి పాయింటూ ఎవరిదో కచ్చితంగా తేలాలి.

మడ్‌గావ్_తెలుగోడు:

గోవాలో ఉద్యోగం నాది, చర్చిల్ మ్యాచ్‌లకి వెళ్తుంటాను. పక్షపాతం ఉందనుకోండి, ఫర్వాలేదు.

తప్పు చేసింది నామ్‌ధారి. శిక్ష ఎవరికి పడింది? చర్చిల్‌కి! ఆ మ్యాచ్‌తో చర్చిల్‌కి ఏ సంబంధమూ లేదు. నామ్‌ధారికి ఫైన్ వేయండి, వాళ్ళ పాయింట్లు కోయండి, కాదనను. రెండు గోల్స్ తిని ఒక్కటీ వేయలేని జట్టుకి గెలుపు ఎందుకు రాసివ్వాలి? 22 మ్యాచ్‌లు ఆడి మైదానంలో ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంది చర్చిలే.

దక్కన్_స్టాండ్:

@మడ్‌గావ్_తెలుగోడు అన్నా, ఈ శిక్ష మన ఫెడరేషన్ కొత్తగా కనిపెట్టింది కాదు. అర్హత లేనివాణ్ణి ఆడిస్తే 0-3తో ఓడినట్టు లెక్క. ఫుట్‌బాల్ ఆడే దేశాలన్నీ ఎరిగిన రూల్ ఇది.

2018 ప్రపంచకప్ క్వాలిఫయర్స్ చూడండి. 2016 సెప్టెంబర్‌లో బొలీవియా 2-0తో పెరూని ఓడించింది, చిలీతో 0-0 డ్రా చేసుకుంది. రెండింట్లోనూ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన నెల్సన్ కబ్రేరాకి బొలీవియాకి ఆడే అర్హత లేదని తేలింది. ఫిఫా రెండు మ్యాచ్‌లనీ 3-0గా మార్చింది. ఓడిన పెరూకి మూడు పాయింట్లు, డ్రా చేసుకున్న చిలీకి అదనంగా రెండు. చివరికి పెరూ, చిలీ రెండూ 26 పాయింట్ల దగ్గర ఆగాయి, గోల్ తేడాతో ప్లేఆఫ్‌కి వెళ్ళింది పెరూ. ఆ మ్యాచ్‌లో పెరూ ఓడిన స్కోరూ 2-0యే, జనవరి 13న కాశీ ఓడినట్టే. అక్కడా సీఏఎస్ దాకా వెళ్ళారు, అక్కడా ఫలితం మారలేదు.

ఫైన్‌తో సరిపెడితే ఏమవుతుందో ఆలోచించండి. టైటిల్ పోటీలో ఉన్న జట్టు, కార్డులు నిండిన మంచి స్ట్రైకర్‌ని దింపి, గెలిచి, ఫైన్ కట్టేసి పోతుంది. డబ్బున్న క్లబ్బుకి అది పెద్ద లెక్కా?

కరీంనగర్_లెఫ్ట్‌వింగ్:

నాకైతే ఇద్దరి మీద కోపం లేదు. అసలు కిరికిరి ఫెడరేషన్‌ది. ఎవనికి ఎన్ని కార్డులున్నయో లెక్క రాసుకునుడు లీగ్ నడిపేటోళ్ళ పని గాదా? మ్యాచ్‌కు ముందల టీం షీట్ ఇస్తరు, మ్యాచ్ కమిషనర్ ఉంటడు. గప్పుడే "ఈన ఆడద్దు" అని ఒక్క మాట చెప్తే జనవరిల ఒడిసిపోయేది. జిల్లా టోర్నమెంట్లల్ల గూడ స్కోరర్ కాడ కార్డుల పుస్తకం ఉంటది.

ఇంకోటి, బార్కో ముచ్చట ఎవ్వరూ ఎత్తలే. స్పెయిన్ ఫార్వర్డ్ మారియో బార్కోను కాశీ సీజన్ మొదట్ల రిజిస్టర్ చేసింది, దెబ్బ తగిలితే తీసేసింది, తర్వాత ఇంకో విదేశీ ఆటగాని జాగల మల్ల తీస్కున్నది. గిది రూల్‌కు అడ్డమని చర్చిల్, నామ్‌ధారి, రియల్ కశ్మీర్ లొల్లి పెట్టినయి. అరే, ఆ రిజిస్ట్రేషన్‌కు ఓకే చెప్పిందే ఫెడరేషన్! ఓకే చెప్పినోళ్ళే తర్వాత తప్పు అంటే క్లబ్బు ఎవర్ని నమ్మాలె? సీఏఎస్ గిదాంట్ల గూడ కాశీ దిక్కే నిలబడ్డది, ఖర్చులల్ల పెద్ద వాటా ఫెడరేషన్ మీదనే ఏసింది. గక్కడనే తెల్వాలె తప్పెవరిదో.

మడ్‌గావ్_తెలుగోడు:

బొలీవియా ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటా. కానీ అక్కడ ఫిఫా ఫలితాలు మార్చింది 2016 నవంబర్‌లోనే, క్వాలిఫయర్స్ ఇంకా చాలా మిగిలుండగా. ఆ తర్వాత ప్రతి జట్టుకీ తనెక్కడుందో తెలుసు. ఇక్కడ?

ఏప్రిల్ 6 గుర్తు చేసుకోండి. చర్చిల్ 39 పాయింట్లతో శ్రీనగర్‌లో రియల్ కశ్మీర్ మీద ఆఖరి మ్యాచ్‌కి దిగింది. కాశీకి అప్పటికి 36, మూడు పాయింట్ల కేసు ఎటూ తేలలేదు. అవి రాకపోతే చర్చిల్‌కి డ్రా చాలు, ఎందుకంటే కాశీ గెలిచినా 39 దాటదు. వస్తే కాశీ 42 దాకా పోతుంది, అప్పుడు చర్చిల్ గెలిచి తీరాలి. స్కోరు 1-1 ఉన్నప్పుడు కోచ్ ఇంకో స్ట్రైకర్‌ని దింపాలా, డిఫెండర్‌నా? ఆ రోజు ఎవరూ చెప్పలేని స్థితి. అదే రోజు కాశీ 3-1తో రాజస్థాన్ యునైటెడ్‌ని ఓడించింది. కోళికోడ్‌లో, టైటిల్ ఆశలున్న గోకులం 3-4తో డెంపో చేతిలో ఓడింది, థబీసో బ్రౌన్ హ్యాట్రిక్ కొట్టి కూడా. మైదానాల్లో ఉన్నవాళ్ళెవరికీ అసలు పట్టిక తెలియదు. అలాంటి ఆఖరి రోజుని పోటీ అనొచ్చా?

ఏప్రిల్ 27 సంగతి వేరే. ప్రదానోత్సవం ఆపమని సీఏఎస్ చెప్పిన రోజే గోవాలో చర్చిల్ చేతికి ట్రోఫీ ఇచ్చారు. కుర్రాళ్ళు మెడల్స్ వేసుకుని ఇళ్ళకి ఫోటోలు పంపుకున్నారు. మూడు నెలలు తిరక్కుండానే "మీరు విజేతలు కాదు" అన్నారు. ఆ ఇరవై రెండేళ్ళ పిల్లలు చేసిన తప్పేంటి?

దక్కన్_స్టాండ్:

శ్రీనగర్ సంగతిలో మీతో వాదించను. ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా బరువైన మాట అదే. చర్చిల్‌కి అన్యాయం జరిగింది. కాకపోతే అది చేసింది సీఏఎస్ కాదు, కాశీ కాదు. జనవరి 13 నాటి తగాదా ఏప్రిల్ 6 నాటికి తేలకపోవడమే ఆ అన్యాయం. దానికి కాశీ పాయింట్లు లాక్కుంటే రెండో అన్యాయం జరుగుతుందే తప్ప మొదటిది పోదు.

మెడల్స్ విషయంలో నాకూ బాధే. సీఏఎస్ ఆపమన్న సంగతి తెలిసీ వేడుక పెట్టినవాళ్ళు ఆ పిల్లలకి బాకీ ఉన్నారు.

సెంటర్‌బ్యాక్_04:

ఇంత గొడవ దేనికోసమో కూడా చూడాలి కదా. కాశీకి దక్కేది ఐఎస్‌ఎల్ ప్రవేశం. ఆ ఐఎస్‌ఎల్ 2025-26 సీజన్‌ని నిర్వాహకులు జులై 11న ఆపి పెట్టారు, ఫెడరేషన్‌తో హక్కుల ఒప్పందం డిసెంబర్‌లో ముగుస్తుందని. పేరు వారణాసిదైనా కాశీ జట్టు సొంత మ్యాచ్‌లు బెంగాల్‌లోని కల్యాణిలో ఆడింది. హబాస్ లాంటి కోచ్‌ని తెచ్చుకుని ఖర్చు పెట్టిన క్లబ్బు, ఆ 2025 జులైలో ఏ లీగ్‌లో ఆడతామో తెలియక కూర్చోవాల్సి వచ్చింది. కింది లీగ్‌లో డబ్బు పెట్టడానికి రేపు ఇంకెవరొస్తారు?

కరీంనగర్_లెఫ్ట్‌వింగ్:

గదే గదా. శ్రీనిధోళ్ళు ఎన్ని రోజులు ఓపిక పడ్తరో అని నాకు భయం.

దక్కన్_స్టాండ్:

నాదీ అదే భయం. అందుకే వచ్చే సీజన్‌కి మూడు విషయాలు రాతపూర్వకంగా ఉండాలని అడుగుతున్నా. కార్డుల పట్టిక ప్రతి రౌండ్ తర్వాతా బహిరంగంగా పెట్టాలి. సస్పెండ్ అయిన ఆటగాడి పేరు టీం షీట్‌లో కనిపిస్తే మ్యాచ్ కమిషనర్ అక్కడే తీయించాలి. పాయింట్ల తగాదా ఏదైనా మిగిలుంటే, అప్పీలుతో సహా తేలేదాకా ఆఖరి రౌండ్ ఆడించకూడదు.

మడ్‌గావ్_తెలుగోడు:

మూడోది మీరు ఆడించకూడదన్నా టీవీ వాళ్ళు ఒప్పుకోరు. మొదటి రెండిటికీ నా సంతకం కూడా వేయండి. టైటిల్ మాత్రం నేనిప్పటికీ చర్చిల్‌దనే అంటాను.