మిద్దెపైన బాడుగకున్నోళ్లకు మన వైఫై ఇవ్వచ్చా?

ఎర్రముక్కపల్లి అక్క, కడప: మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. కింద మా రెండు కంప్యూటర్లూ, పాప ల్యాప్‌టాప్ ఒకే వైఫై రూటర్ మీద నడుస్తున్నాయి. మిద్దెపైన బాడుగకున్న బీటెక్ పిల్లోళ్లు సగం బిల్లు కడతాం, పాస్‌వర్డ్ ఇవ్వండంటున్నారు. మా ఆయన వద్దంటాడు. మీరేమంటారు?

ప్రొద్దుటూరు: ఇచ్చేయండక్కా. హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ చాలు. పైనా కిందా అందరూ ఒకేసారి చూసినా 100 నిండదు. చదువుకునే పిల్లోళ్లకు ఇంకో బిల్లు ఎందుకు?

మైదుకూరు: స్పీడు గురించి కాదు నా భయం. రూటర్ లోపల ఒక్కో కంప్యూటర్‌కు 192.168తో మొదలయ్యే వేరే వేరే అడ్రస్ ఇస్తుంది. బయటికి మాత్రం అందరూ ఒకే ఐపీ అడ్రస్‌తో, అంటే నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తుపట్టే ఒకే నంబరుతో పోతారు. ఆ కనెక్షన్ ఎవరి పేరు మీదుంటే వాళ్లనే అడుగుతారు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఒకాయన ఇంటి వైఫై నుంచి పోయింది. దానికి రక్షణే లేదు. పోలీసులు ముందు ఆయన ఇంటికే పోయినారు.

ప్రొద్దుటూరు: అది ఎవరైనా దూరగలిగిన వైఫై అన్నా. ఇక్కడ తెలిసిన పిల్లోళ్లు, డబ్ల్యూపీఏ2 (వైఫైకి తాళం వేసే పద్ధతి) పాస్‌వర్డ్ ఉంటుంది. రెండూ ఒకటెట్లయితాయి? గెస్ట్ నెట్‌వర్క్, అంటే అదే రూటర్‌లో బయటివాళ్లకు వేరుగా ఇంకో వైఫై పెట్టిస్తే అక్క వాళ్ల ప్రింటర్, ఫోల్డర్లు పైవాళ్లకు కనపడవు కూడా.

మైదుకూరు: గెస్ట్ నెట్‌వర్క్ కాపాడేది ఇంట్లో ఫైళ్లనే. బయటికి పోయే ఐపీ అదే కదా! ఆ పిల్లోళ్లు మంచోళ్లే కావచ్చు, పాస్‌వర్డ్ వాళ్ల స్నేహితులకు పోదని ఎవరు చెప్పగలరు? డబ్బు తీసుకొని ఇచ్చేటట్లయితే కంపెనీ షరతులు కూడా చదవాల.

అనంతపురం: ముందు పైకి సిగ్నల్ వస్తుందో లేదో చూడండి. వైఫై సిగ్నల్ రెండు రకాలు. కాంక్రీటు స్లాబు దాటి 5 గిగాహెర్ట్జ్‌ది సరిగా ఎక్కదు. 2.4 గిగాహెర్ట్జ్‌ది ఎక్కుతుంది గానీ స్పీడు తక్కువ. రూటర్ ఇనప బీరువా పక్కన ఉంటే అదీ రాదు. మెట్ల పక్కగా వైరు లాగి పైన ఇంకో మామూలు రూటర్ పెట్టచ్చు. కానీ అట్ల పెడితే పైవాళ్లు నేరుగా మీ ఇంటి నెట్‌వర్క్‌లోకే వచ్చేస్తారు, గెస్ట్ రక్షణ ఉండదు.

ఎర్రముక్కపల్లి అక్క: చూసినాం. పైన వెనక గదిలో ఒక్క గీతే. వైరు లాగి మా నెట్‌వర్క్‌లోకి తెచ్చుకునే ధైర్యం నాకు లేదు. వాళ్ల పేరు మీదే కనెక్షన్ తీసుకోమన్నాం, పెట్టించే ఖర్చులో సగం మేం పెట్టుకుంటాం. అది వచ్చేదాకా గెస్ట్ పాస్‌వర్డ్ ఇస్తా, పరీక్షలున్నాయి కదా. అంతవరకు ప్రొద్దుటూరు తమ్ముని మాటే.